వీహెచ్‌ఎస్ కచేరీని 4కే చేద్దామనుకునే ముందు

మీ ప్రశ్న చదివాను, మీరు పెట్టిన శాంపిల్ కూడా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు చూశాను. తర్వాత చదివేవాళ్ల కోసం సంగతేంటో ఒకసారి చెప్పేస్తాను. మీ ఊరి సభ దగ్గర 1996 త్యాగరాజ ఆరాధన కచేరీల వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఉన్నాయి, కొన్నేళ్ల కింద ఒక షాపులో వాటిని డీవీడీలు చేయించారు, ఇప్పుడు ఆ డీవీడీల్ని ఏఐ సాఫ్ట్‌వేర్‌లో వేసి 4కే చేసి, బ్లూరే కొట్టించి సభ్యులకీ అమెరికాలో ఉన్న పిల్లలకీ పంచుదామని మీ ఆలోచన. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఏ గ్రాఫిక్స్ కార్డు సరిపోద్ది అని అడిగారు.

కార్డు ఇప్పుడే కొనకండి. ముందు ఆ క్యాసెట్లు ఎక్కడున్నాయి, ఎలా ఉన్నాయి అది చెప్పండి, ఎందుకంటే మీ చేతిలో ఉన్న డీవీడీ మీద ఎంత కష్టపడినా అసలు బొమ్మ అందులో సగం లేదు. షాపు వాళ్లు మామూలు వీసీఆర్ నుంచి డీవీడీ రికార్డర్‌కి వైరు పెట్టి కొట్టేశారు, మీ శాంపిల్‌లో గాయకుడు చెయ్యి తిప్పినప్పుడల్లా చుట్టూ చిన్న చిన్న డబ్బాలు కనిపిస్తున్నాయి చూశారా, అది టేపులో ఉన్న లోపం కాదు, ఎంపెగ్ కంప్రెషన్ చేసింది. ఇంకా మైక్ స్టాండు చూడండి, నిటారుగా ఉండాల్సింది పాములా మెలికలు తిరుగుతోంది, అది టైమ్ బేస్ కరెక్టర్ (టీబీసీ, మెలికలు సర్దే పరికరం) లేకుండా ట్రాన్స్‌ఫర్ చేసిన గుర్తు. ఈ రెండూ మళ్లీ టేపు నుంచి సరిగ్గా తీసుకుంటే వాటంతటవే పోతాయి, డీవీడీ నుంచి మొదలుపెడితే మాత్రం ఏ ఏఐ వచ్చినా పోవు, పైగా ఆ డబ్బాల్నే అసలు బొమ్మ అనుకుని ఇంకా గట్టిగా గీసి పెడుతుంది.

యూట్యూబ్‌లో పాత కచేరీలు ధగధగా మెరిసిపోవడం చూసి మనవీ అలా వస్తాయనుకుంటారు చాలామంది, ఇక్కడ ఒకటి తెలుసుకోవాలి. క్వీన్ బ్యాండు 1981లో మాంట్రియల్‌లో చేసిన కచేరీ 2024లో ఐమ్యాక్స్‌లో వేశారు, చూస్తే నిన్న తీసినట్టుంది, కారణం దాన్ని 35 ఎంఎం ఫిలిం మీద తీశారు. ఫిలిం నెగెటివ్‌లో 4కే స్కాన్‌కి తగ్గ వివరం నిజంగానే ఉంటుంది, స్కాన్ చేస్తే బయటికొస్తుంది. 1971లో న్యూయార్క్‌లో రవిశంకర్, జార్జ్ హారిసన్ వాళ్లు బంగ్లాదేశ్ కోసం చేసిన కచేరీ 16 ఎంఎం మీద తీసింది, అందుకే అందులో గ్రెయిన్ (ఫిలిం గరుకు) ఎక్కువ, ఆ గ్రెయినే దాని స్వభావం. వీడియో టేపు ఈ లెక్కలోకి రాదు. 1969 హార్లెం కచేరీలు రెండంగుళాల వీడియో టేపు మీద తీసి దాదాపు యాభై ఏళ్లు మూలన పడి ఉన్నాయి, వాటితో 2021లో డాక్యుమెంటరీ వచ్చి ఆస్కార్ కూడా కొట్టింది, దాంట్లో బొమ్మ అద్దంలా ఏమీ ఉండదు, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, పాట వినపడుతోంది, మనుషులు మనుషుల్లా ఉన్నారు, చాలు. పైగా అది స్టూడియో గ్రేడు టేపు, మనది వీహెచ్‌ఎస్. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా 240 లైన్ల వివరం ఉంటే గొప్ప, రంగు అయితే 40 లైన్ల లెక్కలో ఉంటుంది, అంటే పట్టుచీర ఎరుపు అంచు దాటి పక్కనున్న వయొలిన్ మీదకి కారినట్టు ఉండేది అందుకే. దీన్ని 4కే వెడల్పు, అంటే 3840 పిక్సెళ్లకి సాగదీస్తే వచ్చేవన్నీ సాఫ్ట్‌వేర్ ఊహించుకున్న పిక్సెళ్లే.

సరే, క్యాసెట్ల దగ్గరికి వద్దాం. 1996లో మన ఊళ్లల్లో కచేరీలు తీసింది పెళ్లి వీడియోలు తీసే ఫొటోగ్రాఫర్లే, పానాసోనిక్ ఎం9000 లాంటి భుజం మీద పెట్టుకునే కెమెరా, పక్కన ఒక కుర్రాడు వీడియో లైటు పట్టుకుని. ఆయన తీసిన ఒరిజినల్ క్యాసెట్ ఒకటి, తర్వాత మిక్సింగ్‌లో టైటిల్స్, పూలు, గుండ్రంగా తిరిగే ఎఫెక్ట్స్ పెట్టి మీ సభకి ఇచ్చిన కాపీ ఒకటి. మీ శాంపిల్ మొదట్లో దీపం తిరుగుతూ పేరు వచ్చింది కాబట్టి మీ దగ్గరున్నది మిక్సింగ్ కాపీ, అంటే రెండో తరం, వీహెచ్‌ఎస్‌లో ఒక్కో కాపీకి రంగు మరీ దారుణంగా పడిపోద్ది. కాబట్టి మొదటి పని ఆ ఫొటోగ్రాఫర్ గారి ఇంటికి వెళ్లడం. ఆయన లేకపోయినా వాళ్లబ్బాయి స్టూడియో నడుపుతుంటాడు, అటక మీద చూడమనండి. చాలామంది ఒరిజినల్స్ మీదే వేరే పెళ్లిళ్లు తీసేశారు నిజమే, కానీ కచేరీ క్యాసెట్లు కొందరు ఇష్టంతో దాచుకున్నారు, నాకు మంచి మెటీరియల్ దొరికింది ఎక్కువగా అలాంటి అటకల మీదే. ఒరిజినల్ దొరికితే మీరు కొనబోయే ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేని మెరుగు అక్కడే వచ్చేస్తుంది.

దొరికిన క్యాసెట్టుని వెంటనే వీసీఆర్‌లో తొయ్యకండి, ఇది దణ్ణం పెట్టి చెబుతున్నా. కోస్తా వాతావరణంలో టేపుకి అసలు శత్రువు బూజు. క్యాసెట్ కిటికీలోంచి టార్చి వేసి చూడండి, టేపు చుట్ట అంచుల మీద తెల్లగా పొడిలా, బూడిదగా మచ్చలు ఉంటే అదే. దాన్ని ప్లే చేస్తే టేపుని చదివే హెడ్లు మూసుకుపోతాయి, ఆ తర్వాత అదే వీసీఆర్‌లో పెట్టిన మంచి టేపులకీ అంటుకుంటుంది. బూజు ఉన్నవాటిని విడిగా కవర్లో పెట్టి, మాస్కు వేసుకుని, ఓపికున్నవాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, ఓపిక లేకపోతే చేసేవాళ్లకి ఇవ్వాలి, ఇది మాత్రం సొంతంగా నేర్చుకోవడానికి మీ ఒక్కగానొక్క క్యాసెట్టు వాడకండి, ఏదో పాత సినిమా క్యాసెట్టు మీద చెయ్యి తిరిగాక ముట్టుకోండి. బాగున్న టేపుల్ని అయినా ముందు ఒకసారి చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కి తిప్పండి, ఏళ్ల తరబడి ఒకే బిగువులో ఉన్న చుట్ట సర్దుకుంటుంది. ఇంటర్నెట్‌లో టేపుని ఓవెన్‌లో పెట్టి కాల్చాలి అని చదివి ఉంటారు, అది బైండర్ జిగురు తేలిపోయే కొన్ని రకాల పాత ఓపెన్ రీల్, యూమ్యాటిక్ టేపుల వైద్యం, వీహెచ్‌ఎస్‌కి మామూలుగా అక్కర్లేదు, దయచేసి ఇంట్లో ఓవెన్ జోలికి పోకండి.

ప్లే చెయ్యడానికి ఎస్-వీహెచ్‌ఎస్ డెక్ (మెరుగైన రకం వీసీఆర్) కావాలి, లోపల టీబీసీ ఉన్నదైతే ఇంకా మంచిది, వెలుగునీ రంగునీ విడిగా పంపే ఎస్-వీడియో అవుట్‌పుట్ నుంచే తియ్యాలి, పసుపు వైరు నుంచి వద్దు. టీబీసీ ఉన్న డెక్ దొరక్కపోతే పానాసోనిక్ డీఎంఆర్-ఈఎస్10 గానీ ఈఎస్15 గానీ పాత డీవీడీ రికార్డర్ మధ్యలో పెట్టి, దాంట్లో రికార్డు చెయ్యకుండా సిగ్నల్ మాత్రం దాటిస్తే మెలికలు చాలావరకు సర్దుకుంటాయి, ఇది ప్రపంచమంతా వాడే చిట్కా. ఈ మధ్య ఇంకో దారి వచ్చింది, వీహెచ్‌ఎస్-డీకోడ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్, వీసీఆర్ లోపల హెడ్ ఆంప్లిఫయర్ దగ్గర నుంచి ఆర్‌ఎఫ్ సిగ్నల్‌ని అలాగే డిజిటల్‌గా పట్టేసి మిగతా పనంతా కంప్యూటర్ చేస్తుంది, రిజల్ట్ చాలా బాగుంటుంది కానీ వీసీఆర్ విప్పి సోల్డరింగ్ చెయ్యాలి, ఇంజినీరింగ్ చదివే పిల్లలెవరైనా మీ సభలో ఉంటే వాళ్లకి అప్పజెప్పండి, ఎగిరి గంతేస్తారు.

క్యాప్చర్ చేసేటప్పుడు చవక యూఎస్‌బీ డాంగిల్ వద్దు. 10 బిట్, 4:2:2 (రంగు వివరం ఎక్కువగా నిలిచే పద్ధతి), ఇంటర్లేస్డ్‌గానే, కంప్రెషన్ లేకుండా పట్టుకోండి, గంటకి దాదాపు 100 జీబీ అవుద్ది, భయపడకండి, ఎఫ్‌ఎఫ్‌వీ1 అనే లాస్‌లెస్ ఫార్మాట్‌లో పెడితే బాగా తగ్గుద్ది, ఒక్క పిక్సెల్ కూడా పోదు. రికార్డు నొక్కే ముందు బ్రైట్‌నెస్ స్థాయి చూసుకోవాలి, వీడియో లైటు నేరుగా పడిన తెల్ల పంచె, జుబ్బా దగ్గర తెలుపు పైకి కొట్టుకుపోతుంటే వెలుగు, రంగు సర్దే ప్రాక్ ఆంప్‌లో కొంచెం కిందకి దించండి, అక్కడ పోయిన మడతలు తర్వాత ఏ గ్రేడింగ్‌లోనూ తిరిగి రావు. ముఖ్యమైన కచేరీ అయితే మూడుసార్లు పట్టి, మూడింటినీ ఫ్రేముకి ఫ్రేము జతచేసి మధ్య విలువ తీసుకుంటే రవ్వరవ్వగా కదిలే నాయిస్ చాలా తగ్గుద్ది, ఎక్కడా మసకబారదు. కానీ టేపు మీద పూత రాలిపోయి వచ్చే తెల్ల గీతలు మూడింట్లోనూ అక్కడే ఉంటాయి, వాటిని ముందూ వెనకా ఫ్రేముల్లోంచి ముక్క తెచ్చి చేత్తో అతకాల్సిందే.

ఇక ఇంటర్లేసింగ్. ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) వీడియో సెకనుకి 25 ఫ్రేములు అంటారు గానీ నిజానికి అది 50 ఫీల్డులు (ఒక్కో ఫీల్డు గీత వదిలి గీత ఉండే సగం బొమ్మ, దీన్నే ఇంటర్లేస్డ్ అంటారు), అంటే సెకనుకి 50 సార్లు కదలికని పట్టుకుంది. షాపు వాళ్లు, చాలా సాఫ్ట్‌వేర్లు కూడా, అందులో సగం పారేసి 25 చేస్తాయి. మాటలు చెప్పే వీడియోలో పర్లేదు, మృదంగం తని ఆవర్తనంలో (మృదంగం ఒక్కటే వాయించే భాగం) చూడండి తేడా, వేళ్లు ఎక్కడున్నాయో కన్ను పట్టుకోలేదు, పాట నడిచేటప్పుడు వయొలిన్ కమాను సగం దూరం మాయమై అవతల తేలుతుంది. క్యూటీజీఎంసీ అనే స్క్రిప్టు వాడండి, ఏవీసింథ్ లోనో వేపర్‌సింథ్ లోనో నడుస్తుంది, ఉచితం, 50 ఫీల్డుల్నీ 50 పూర్తి ఫ్రేములు చేస్తుంది. కచేరీ వీడియోకి చేసే పనుల్లో కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే మార్పు ఇదే, 4కే కాదు. ఒక్క తనిని రెండు రకాలుగా చేసి మీ మృదంగం మాస్టారికి చూపించండి, ఏది ఏదో చెప్పకుండా, ఆయనే చెప్తారు.

నాయిస్ తగ్గించడం సంగతి, రంగులో ఉన్న మచ్చల్ని కాస్త గట్టిగా, వెలుగులో ఉన్న గరుకుని చాలా మెల్లిగా, అదీ టైమ్ మీద ఆధారపడే (ముందూ వెనకా ఫ్రేముల్ని పోల్చి చూసే) ఫిల్టరుతోనే. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో ఆ నాయిస్ రిడక్షన్ ఉండదు, స్టూడియో వెర్షన్ కొనాలి, కానీ వేపర్‌సింథ్‌లో ఫ్రీగానే అయిపోద్ది. అడుగున వణికే పట్టీ ఉంటుంది కదా, అది వీసీఆర్ ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కి మారేటప్పుడు వచ్చేది (హెడ్ స్విచింగ్), దానిమీద నల్ల పట్టీ కప్పేస్తే చాలు, బొమ్మని సాగదీసి దాచొద్దు. రంగు విషయంలో వీడియో లైటు పసుపు అంతా తీసేసి ట్యూబ్‌లైటు తెలుపు చెయ్యకండి, పంచె తెలుపు, కుంకుమ ఎరుపు, చేతి చర్మం ఈ మూడూ చూసుకుని ఆగిపోండి.

ఏఐ అప్‌స్కేలింగ్ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా, నేను దానికి వ్యతిరేకం కాదు, చివర్లో కొంచెం వాడతాను కూడా. 1080కి పెంచేటప్పుడు మెతకగా ఉండే మోడల్ పెట్టి, దాని ఫలితాన్ని మామూలు అప్‌స్కేల్‌తో సగం సగం కలిపితే బాగానే ఉంటుంది. ముఖాలు బాగుచేసే మోడళ్లు మాత్రం వద్దే వద్దు. క్లోజప్‌లో బాగుందనుకుంటారు, వెనక తంబురా పట్టుకుని కూర్చున్న అమ్మాయిని చూడండి, ఆ ముఖం మొత్తం ముప్పై పిక్సెళ్లు లేదు, సాఫ్ట్‌వేర్ రెండు కళ్లూ రెండు వైపులా చూసేట్టు గీస్తుంది. పెద్దాయన నుదుటి మీద మూడు విభూతి రేఖల్ని ముడతలు అనుకుని చర్మంలో కలిపేస్తుంది. కళ్లజోడు ఫ్రేము కనుబొమ్మకి అతుక్కుంటుంది. అన్నిటికంటే నాకు కంపరం పుట్టించేది వెనక బ్యానరు, "శ్రీ త్యాగరాజ" అని రాసి ఉన్నచోట ఒత్తులూ తలకట్లూ కరిగిపోయి ఏ భాషా కాని గీతలు తయారవుతాయి, ఒరిజినల్‌లో మసగ్గా ఉన్నా మన కన్ను చదువుకుంటుంది, దీంట్లో స్పష్టంగా ఉంటుంది కానీ చదవలేం. 2024లో వచ్చిన ఏలియన్స్, ట్రూ లైస్ 4కే డిస్కుల మీదే మైనపు ముఖాలని జనం గోల పెట్టారు, అవి 35 ఎంఎం నెగెటివ్ ఉన్న హాలీవుడ్ సినిమాలు, మనది మిక్సింగ్ కాపీ వీహెచ్‌ఎస్. మీకు పరీక్ష కావాలంటే ముఖం చూడకండి, వయొలిన్ విద్వాంసుడి ఎడం చెయ్యి చూడండి, గమకంలో వేలు జారుతున్నప్పుడు వేళ్లు ఐదే ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.

బొమ్మ నిష్పత్తి 4:3 గానే ఉంచండి, పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉంటాయి. టీవీ నిండా రావాలని సభ్యులు పోరుతారు, వినకండి, సాగదీస్తే అందరూ లావైపోతారు, పైనా కిందా కోస్తే మృదంగం మీద చేతులు పోతాయి. కొలతల్లో 1440 బై 1080.

ఇప్పుడు అసలు విషయం, ధ్వని. కచేరీ వినేవాడు బొమ్మని క్షమిస్తాడు, శృతిని క్షమించడు. మీ ప్రశ్నలో ధ్వని గురించి ఒక్క ముక్క లేదు, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తున్నా.

కెమెరా మైకు హాలు మధ్యలో నుంచి పట్టింది, దాంట్లో దగ్గు, పిల్లల ఏడుపు, ఫ్యాను, పైగా కెమెరాలో ఆటోమేటిక్ గెయిన్ ఉండటం వల్ల చప్పట్లు పడగానే సౌండు పడిపోయి తర్వాత మెల్లగా పైకి లేస్తుంది. కాబట్టి ఇంకో వేట, అప్పుడు మైక్‌సెట్ పెట్టిన వాళ్లు మిక్సర్ నుంచి ఆడియో క్యాసెట్ తీశారా కనుక్కోండి, లేదా ముందు వరసలో టేప్‌రికార్డర్ పెట్టుకుని కూర్చునే రసికులు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు ఉంటారు, వాళ్ల ఇంట్లో వెతకండి. దొరికితే మంచి డెక్‌లో హెడ్ పక్కనుండే చిన్న స్క్రూ తిప్పి అజిమత్ (టేపుకి హెడ్ ఎంత నిటారుగా ఉందో ఆ కోణం) సరిచేసుకోవాలి, తాళాల మోత, "స" అక్షరం బాగా పదునుగా వినపడేచోట ఆపాలి, ఇది ప్రతి క్యాసెట్టుకీ మళ్లీ మళ్లీ చెయ్యాలి, ఎందుకంటే ఒక్కో టేప్‌రికార్డర్ ఒక్కో వంకర. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పట్టుకోండి. డాల్బీ (టేపు సుయ్‌మనే హిస్ తగ్గించే స్విచ్) ఆఫ్‌లో ఉంచండి, రికార్డు చేసినప్పుడు పెట్టారని ఖాయంగా తెలిస్తే తప్ప.

ఆ క్యాసెట్ వేగం సరిగ్గా ఉండదు, బ్యాటరీలు దిగిపోతుంటే శృతి మెల్లగా మారుతూ పోద్ది. ఇంగ్లీషు వీడియోల్లో ఒక చిట్కా చెబుతారు, టేపులో వినిపించే కరెంటు హమ్ కొలిచి అది 50 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేలా వేగం మార్చమని. మన 90ల నాటి టేపులకి ఇది చెయ్యొద్దు. అప్పట్లో మన దక్షిణాది గ్రిడ్ 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు, లోడు ఎక్కువైన సాయంత్రాలు 48 వైపు జారిపోయేది, కచేరీలు జరిగేది కూడా సరిగ్గా ఆ టైములోనే. 48 ఉన్న హమ్‌ని 50 చేస్తే వేగం 4 శాతం పెరుగుద్ది, శృతి ముప్పావు స్వరస్థానం పైకి పోద్ది, రెండున్నర శృతి గాయకుడు దాదాపు మూడులో పాడినట్టు ఉంటుంది. మధ్యలో కరెంటు పోయి జనరేటర్ వేశారనుకోండి, ఇంక చెప్పక్కర్లేదు. మనకి నమ్మకమైన కొలత వీడియో టేపులోనే ఉంది. వీసీఆర్ తిరిగే వేగం వీడియో సింక్‌కి కట్టేసి ఉంటుంది కాబట్టి కెమెరా సౌండు నాణ్యత లేకపోయినా వేగం సరిగ్గా ఉంటుంది. దాంట్లో శృతిపెట్టె ఏ స్వరం మీదుందో చూసుకుని, ఆడియో క్యాసెట్‌ని దానికి సరిపెట్టండి, ఒక్క దెబ్బతో కాదు, ఐదారు నిమిషాల ముక్కలుగా.

సింక్ కూడా అలాగే. అరీతా ఫ్రాంక్లిన్ 1972లో లాస్ ఏంజెలెస్ చర్చిలో పాడిన కచేరీని సిడ్నీ పొలాక్ క్లాప్ బోర్డులు లేకుండా తీశాడు, బొమ్మకీ పాటకీ జత కుదరక దశాబ్దాలు ఆగిపోయి చివరికి 2018లో బయటికొచ్చింది, అంటే పెద్దవాళ్లకీ తప్పలేదు. మనకి కెమెరా సౌండు గైడుగా ఉంది కాబట్టి అంత బాధ లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి, కెమెరా స్పీకర్లకి ఇరవై మీటర్ల దూరంలో ఉంటే సౌండు అక్కడికి చేరేసరికి దాదాపు 58 మిల్లీసెకన్లు, అంటే ఫ్రేమున్నర ఆలస్యం. మిక్సర్ క్యాసెట్టుని కెమెరా సౌండుకి అక్షరాలా సరిపెడితే ఆ ఆలస్యం కూడా వచ్చేస్తుంది, కాబట్టి సరిపెట్టాక సౌండు ఆ కాస్త ముందే వినపడేలా జరిపి, మృదంగం మీద చాపు పడే క్షణం చూసి చూసి కుదురుగా పెట్టుకోండి.

నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్, ఐజోటోప్ ఆర్‌ఎక్స్ గానీ ఇంకోటి గానీ, ఒక ప్రమాదం ఉంది, ఇది మన సంగీతానికే ప్రత్యేకం. అవి ఏది మారకుండా అలాగే మోగుతూ ఉంటే దాన్ని నాయిస్ అనుకుంటాయి. తంబురా చేసే పనే అది కదా! పాట మొదలుపెట్టే ముందు నిశ్శబ్దంగా ఉందనుకున్న చోట శాంపిల్ ఇచ్చారంటే అక్కడ శృతి మోగుతూనే ఉంటుంది, కచేరీ అంతటా తంబురాని తుడిచిపెట్టేస్తుంది, గాయకుడు గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది, ఏదో తేడాగా ఉందని అందరికీ అనిపిస్తుంది గానీ ఏంటో చెప్పలేరు. శృతి ఇంకా పెట్టకముందు, పరిచయాలు జరుగుతున్నప్పుడు మాటల మధ్య ఖాళీ వెతికి అక్కడ తీసుకోండి. తీసింది కూడా సగమే తియ్యండి, కొంచెం హిస్ మిగిలితే మిగలనివ్వండి.

గెట్ బ్యాక్ డాక్యుమెంటరీలో బీటిల్స్ మోనో టేపుల్లోంచి గొంతు, గిటార్ విడివిడిగా లాగారు కదా మనమూ గొంతు, వయొలిన్, మృదంగం విడదీసి మళ్లీ మిక్స్ చేద్దామా అని మీకు తర్వాత కచ్చితంగా వచ్చే ఆలోచన. వాళ్లు ఆ పని కోసం మోడల్ సొంతంగా తయారుచేసుకున్నారు. మనకి బయట దొరికేవి ఎక్కువగా పాశ్చాత్య పాప్ పాటల మీద నేర్చుకున్నవి. మన దగ్గర వయొలిన్ గొంతునే నీడలా అనుసరిస్తూ అవే స్వరాలు వాయిస్తుంది, మృదంగం శృతికి కలిపి ఉంటుంది కాబట్టి మీటు కొట్టినప్పుడు అది డ్రమ్మా స్వరమా అని దానికి అర్థం కాదు, ముక్కలు ముక్కలుగా చీల్చేస్తుంది. గొంతు మరీ లోపలికి పోయినచోట ఒకటి రెండు డెసిబెల్స్ పైకి తేవడానికి మాత్రం పనికొస్తుంది, అంతకుమించి లాగితే నీళ్లలోంచి పాడినట్టు వస్తుంది.

ఎడిటింగ్‌లో చెయ్యి కట్టేసుకోండి. కెమెరామెన్ తని ఆవర్తనం మధ్యలో ముఖ్య అతిథి వైపు తిప్పేశాడని కోపం వస్తుంది, ఏం చేస్తాం, అదీ ఆ రోజు జరిగిందే. శృతి చేసుకోవడం కొయ్యకండి, బంగ్లాదేశ్ కచేరీలో రవిశంకర్ బృందం శృతి చేసుకుంటుంటే పాటైపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టిన ముక్క రికార్డులో అలాగే ఉంచారు, ఇవాళ అందరూ గుర్తుపెట్టుకున్నది అదే. క్యాసెట్ మార్చేటప్పుడు బొమ్మ పోయిన రెండు మూడు నిమిషాలు ఆడియో క్యాసెట్‌లో ఉంటే, తెర మీద ఆ రోజు ఫొటో పెట్టి పాటని నడిపించండి, వేరే చోటి షాట్లు తెచ్చి అతకొద్దు, కీర్తన తెలిసినవాడు పెదాలు చూసి పట్టేస్తాడు.

ఎలా ఇవ్వాలి అంటే, బ్లూరే ప్లేయర్ ఉన్న ఇల్లు మీ సభ్యుల్లో ఎన్ని ఉన్నాయో ముందు అడగండి. మామూలు బ్లూరేలో 1080 సైజు ప్రోగ్రెసివ్‌లో 50 ఫ్రేములు ఒప్పుకోదు, 720పీ 50 గానీ 1080ఐ గానీ (పీ అంటే ప్రోగ్రెసివ్, పూర్తి ఫ్రేములు, ఐ అంటే ఇంటర్లేస్డ్) పెట్టాలి. నిజానికి ఏమీ పెంచకుండా టేపు నుంచి పట్టిన 576ఐ సైజునే అలాగే మంచి బిట్‌రేట్‌తో పెట్టినా 25 జీబీ డిస్కులో ఐదు గంటల పైన పడుద్ది, దాచుకునే కాపీగా అది నాకు చాలా ఇష్టం. పంచిపెట్టడానికి అయితే పెన్‌డ్రైవ్‌లో 1080పీ 50 ఎంపీ4, ఏ టీవీలోనైనా ఆడుద్ది. అమెరికా పిల్లలకి పాల్ డీవీడీ పంపకండి, అక్కడి ప్లేయర్లు చాలావాటిలో ఆడదు, ఫైలే పంపండి, 60 ఫ్రేములకి మార్చడం లాంటివి చెయ్యకుండా. యూట్యూబ్‌లో పెడితే కనీసం 720కి పెంచి పెట్టాలి, అంతకన్నా చిన్న సైజుకి యూట్యూబ్ 50 ఫ్రేముల్ని ఉంచదు. అందుకే అప్‌స్కేల్ చెయ్యమంటున్నాను, వివరం పెరుగుద్దని కాదు.

హక్కుల సంగతి తేల్చుకోకుండా డిస్కులు కొట్టించొద్దు. మన కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు, కచేరీ జరిగిన మరుసటి ఏడాది నుంచి లెక్క, అంటే 1996 కచేరీకి 2046 ఆఖరుదాకా. కళాకారులు, లేనివాళ్ల విషయంలో కుటుంబ సభ్యులు, పక్కవాద్యాల వాళ్లతో సహా అందరి దగ్గరా కాగితం మీద అనుమతి తీసుకోండి, ఫోన్లో "అలాగే బాబూ" అన్నది చాలదు. త్యాగరాజ కీర్తనలకి హక్కుల బాధ లేదు కానీ చివర్లో పాడిన తిల్లానా, లలిత గీతం ఈ కాలం వాళ్లు రాసిందైతే రచయిత పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. అయినా సరే యూట్యూబ్‌లో కీర్తనకి ఏదో కంపెనీ పేరు మీద ఆటోమేటిక్ క్లెయిమ్ వచ్చి పడొచ్చు, ఆ అనుమతి కాగితాలు చూపించి డిస్ప్యూట్ చేసుకోవచ్చు.

ట్రాన్స్‌ఫర్ అయిపోయింది కదా అని టేపులు మాత్రం పారేయకండి, రేపు ఇంకా మంచి డీకోడర్ రావచ్చు. నిలబెట్టి, పొడి చోట, సిలికా జెల్ పొట్లం వేసి పెట్టండి, ఫైళ్లు మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఊళ్లో.

కాబట్టి ప్రస్తుతానికి రూపాయి ఖర్చు పెట్టకుండా ఫొటోగ్రాఫర్ గారిల్లు, మైక్‌సెట్ వాళ్లు, ఆ ముందు వరస రసికులు, ఈ మూడు చోట్లా అడిగి రండి. క్యాసెట్ల కిటికీ దగ్గర టార్చి వేసి తీసిన ఫొటోలు ఇక్కడ పెట్టండి, బూజు ఉందో లేదో చూసి ఏవి మీరే ప్లే చెయ్యొచ్చో చెప్తాను. ఏ జిల్లాలో ఉంటారో కూడా రాయండి, దగ్గర్లో టీబీసీ డెక్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇక్కడే తేలొచ్చు.